శివారు వాకిళ్లలో టర్కీ కోళ్లు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ చుట్టుపక్కల శివారు పట్టణాల్లో అడవి టర్కీ కోళ్లు ఇళ్ల మధ్యే కాపురం పెట్టాయి. పొద్దున్నే గుంపుగా చెట్లు దిగి, ఈ ఇంటి పచ్చికలోంచి ఆ ఇంటి పచ్చికలోకి మేసుకుంటూ పోతాయి. రోడ్డు దాటేటప్పుడు ఒకదాని వెనక ఒకటి నింపాదిగా నడుస్తాయి. అటూ ఇటూ కార్లు బారులు తీరి హారన్లు మోగించినా వాటికి పట్టదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఆఫీసు వేళకు కారు చుట్టూ చేరిన ఈ పక్షులను అదిలించుకుని బయల్దేరవలసిందే.

పుంజు 5 నుంచి 11 కిలోల వరకు తూగుతుంది. పెట్ట అందులో సగం. అంత బరువున్నా ఎగరలేని పక్షి కాదు. బెదిరితే ముందు పరుగు లంకించుకుంటుంది, గంటకు 40 కిలోమీటర్ల దాకా. మరీ తరిమితే ఒక్క ఉదుటున పైకి లేచి, కొద్ది దూరమే అయినా, గంటకు 80 కిలోమీటర్లకు పైబడిన వేగంతో ఎగిరిపోగలదు. పగలంతా నేల మీదే. చీకటి పడుతుండగా ఒక్కొక్కటే రెక్కలు టపటపలాడిస్తూ పెద్ద చెట్లెక్కి, కొమ్మల మీద నిద్రపోతాయి. ఓక్ చెట్ల కాయలు, గడ్డి గింజలు, పండ్లు, మిడతలు, పురుగులు, ఏది దొరికితే అది తింటాయి. కాళ్లతో ఆకులు చెదరగొట్టి, ఓ అడుగు వెనక్కి వేసి, బయటపడినదాన్ని వంగి చూసే తీరు అచ్చం పెంటకుప్ప మీది నాటుకోడిదే.

పుంజు తల మీదా మెడ మీదా పెద్దగా ఈకలుండవు. బుడిపెలు బుడిపెలుగా కండ ఉంటుంది. రొమ్ము మీద నల్లని బిరుసు కుచ్చు ఒకటి వేలాడుతుంది. ముక్కు మొదట్లో వేలెడు కండ. మామూలుగా మేస్తున్నప్పుడు అది పొట్టిగా ముడుచుకుని కొమ్ములా నిలబడుతుంది; పెట్ట కంటబడగానే సాగి, ముక్కు మీదుగా కిందికి జారుతుంది. తల రంగు కూడా క్షణాల్లో ఎరుపు, తెలుపు, నీలం అవుతుంది. చర్మంలోని రక్తనాళాలు నిండితే ఎర్రగా ఉంటుంది. అవి ముడుచుకున్నప్పుడు మధ్యనున్న కొలాజెన్ పోగులు వెలుతురును వేరే తీరుగా వెదజల్లడంతో నీలంగా కనిపిస్తుంది. మొగల్ చక్రవర్తి జహంగీర్‌ను ఆశ్చర్యపరిచింది ఈ మార్పే. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జంతువుల్లో ఒక టర్కీ పుంజు ఉంది. దాని తల రంగులు మారే వైనాన్ని చక్రవర్తి తన స్మృతుల్లో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ వేసిన దాని బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇంగ్లీషువాళ్లు 1620లో ప్లిమత్ తీరాన దిగేనాటికి మసాచుసెట్స్ అడవుల్లో టర్కీలు కొల్లలు. ఆ తర్వాత రెండు శతాబ్దాల్లో పొలాల కోసం, కట్టెల కోసం అడవులు నరికేశారు. మిగిలిన పక్షులను తిండికోసం వేటాడారు. ఆ రాష్ట్రంలో మిగిలిన చివరిదిగా చెప్పే పక్షిని 1851లో మౌంట్ టామ్ అనే కొండ మీద చంపారు. వాటిని మళ్లీ తేవాలని 1911 నుంచి 1967 దాకా కనీసం తొమ్మిదిసార్లు ప్రయత్నించి విఫలమయ్యారు. ఫారాల్లో పెంచి వదిలిన పక్షులు అడవిలో నిలదొక్కుకోలేవు. నక్క వస్తే ఎటు పోవాలో, మంచు కాలంలో మేత ఎక్కడ వెతకాలో వాటికి నేర్పే తల్లి ఉండదు.

1972, 73ల్లో పద్ధతి మార్చారు. న్యూయార్క్ రాష్ట్రపు అడవుల్లోనే పుట్టి పెరిగిన 37 పక్షులను పట్టి తెచ్చి, మసాచుసెట్స్ పడమటి కొసన ఉన్న బర్క్‌షైర్ కొండల్లో వదిలారు. అప్పటికి పాత పొలాలు చాలావరకు బీడు పడి, మళ్లీ చెట్లు ఎదిగాయి. 1978 నాటికి ఆ 37 సుమారు 1,000 అయ్యాయి. 1979 నుంచి 1996 వరకు అక్కడి నుంచి 561 పక్షులను పట్టి రాష్ట్రమంతటా పంచారు. ఇప్పుడు 30,000కు పైగా ఉన్నాయని వన్యప్రాణి శాఖ అంచనా.

అధికారులు వదిలింది అడవుల్లో. ఊళ్లలోకి వచ్చింది వాటంతట అవే. శివారు వీధుల్లో ఓక్ చెట్లున్నాయి, మేయడానికి పచ్చిక ఉంది, పిట్టల కోసం వేలాడదీసిన డబ్బాల కింద గింజలు రాలుతుంటాయి. ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఇంటికి 500 అడుగుల లోపు తుపాకీ పేల్చడం ఆ రాష్ట్రంలో నేరం కాబట్టి ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట వేటగాడి భయమూ లేదు. మనిషి కనబడితే పారిపోవలసిన అవసరం అక్కడి పక్షులకు తగ్గిపోయింది.

వాటి ప్రవర్తన అర్థం కావాలంటే గుంపు కట్టుబాటు తెలియాలి. ఎవరు ఎవరిని పొడవచ్చు, ఎవరు ఎవరికి దారివ్వాలి అన్నది గుంపులో ముందే తేలిపోయి ఉంటుంది. పెట్టలూ పిల్లలూ ఒక గుంపు, పుంజులు వేరే గుంపు. ఒకే ఈడు అన్నదమ్ములు వసంతంలో కలిసి తోకలు విప్పి, రెక్కలు నేలకు రాస్తూ పెట్టల ముందు తిరుగుతాయి. జత కట్టేది మాత్రం వాటిలో పెద్దరికం ఉన్నదే. తక్కినవాటికి సొంత పిల్లలు దక్కకపోయినా, తోబుట్టువుకు పుట్టిన పిల్లల ద్వారా తమ రక్తం నిలుస్తుందని అలన్ క్రాకవర్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో చేసిన జన్యు పరీక్షలు 2005లో నిరూపించాయి.

ఇళ్ల మధ్య పెరిగిన గుంపు ఈ వరసలోకి మనుషులను కూడా చేర్చుకుంటుంది. ఎదురొచ్చినప్పుడు పక్కకు తప్పుకున్న మనిషి దాని లెక్కలో తనకన్నా కిందివాడు. మార్చి నుంచి మే వరకు జత కట్టే కాలంలో ఈ పెత్తనం ముదురుతుంది. ఉత్తరాలు పంచేవాళ్ల వెంటబడతాయి, పిల్లలను, వృద్ధులను అదరగొడతాయి. కారు తలుపులో కనిపించే తమ నీడనే పోటీ పుంజు అనుకుని ముక్కుతో పొడుస్తాయి, కాలి ముళ్లతో తంతాయి. అంత చిన్న గుర్తుకే రెచ్చిపోవడం ఈ పక్షి స్వభావం, పోట్లాటలోనే కాదు, జత కట్టడంలోనూ. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో షైన్, హేల్ అనే శాస్త్రవేత్తలు పెంపుడు టర్కీ పుంజుల ముందు పెట్ట బొమ్మను పెట్టి, తోక, రెక్కలు, కాళ్లు ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. చివరికి పుల్లకు గుచ్చిన తల ఒక్కటే మిగిలినా పుంజులు తోక విప్పి దాని ముందు తిరిగాయి.

మనిషి మీదికైనా దూకే ఈ మొండిధైర్యం బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు నచ్చింది. 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో ఆయన గద్దకన్నా టర్కీయే గౌరవించదగ్గ పక్షి అన్నాడు. ఎర్రకోటు వేసుకున్న బ్రిటిష్ సిపాయి తన దొడ్లోకి చొరబడితే వాడి మీదికి దూకడానికి అది వెనకాడదన్నాడు.

తెలియనిదాని పట్ల మాత్రం గుంపుకు జంకు ఉంటుంది. 2017 మార్చిలో రాండాల్ఫ్ అనే ఊళ్లో, నడిరోడ్డు మీద చచ్చిపడిన పిల్లి చుట్టూ టర్కీలు వలయం కట్టి తిరుగుతున్న వీడియో ప్రపంచమంతా చూసింది. ప్రమాదం కావచ్చనుకున్న జంతువును తగినంత దూరం నుంచి పరికించడం, ముందు నడిచేదాని తోక వెంట నడవడం, ఈ రెండూ కలిసి అలా గుండ్రంగా తిప్పి ఉంటాయని నిపుణుల వివరణ.

ఏప్రిల్ చివర్లో పెట్ట ఒంటరిగా విడిపోయి, నేల మీదే, చెట్టు మొదట్లోనో పొద మాటునో సుమారు 12 గుడ్లు పెడుతుంది. 28 రోజులకు పిల్లలవుతాయి. రెండు వారాల్లో అవి కాస్త ఎగరడం నేర్చి తల్లితో చెట్టెక్కుతాయి. అప్పటిదాకా నేల మీద తల్లి రెక్కల కిందే నిద్ర. నక్కలకూ కుక్కలకూ పిల్లిజాతి జంతువులకూ ఎక్కువ దొరికేది ఆ రెండు వారాల్లోనే.

వన్యప్రాణి శాఖ చెప్పే జాగ్రత్తలన్నీ, మనుషులను కిందివాళ్లుగా లెక్కగట్టే ఆ వరసను తిరగేయడానికే. మేత వెయ్యకూడదు, పిట్టల డబ్బాల కింద రాలిన గింజలు ఊడ్చెయ్యాలి. నీడ కనిపించే అద్దాలనూ కారు పక్కలనూ జత కట్టే రుతువులో గుడ్డతో కప్పాలి. పుంజు ఎదురు తిరిగితే వెనకడుగు వెయ్యకుండా గట్టిగా కేకలేసి, చీపురు ఝుళిపించి, నీళ్ల పైపుతో తడిపి తరమాలి. ఒక్క ఇంటివాళ్లు తరిమి, పక్కింటివాళ్లు గింజలు చల్లితే ఫలితం ఉండదు కనుక వీధి అంతా ఒక్కమాట మీద ఉండాలి. పట్టి మరోచోట వదిలేద్దామంటే చట్టం ఒప్పుకోదు: ఆ రాష్ట్రంలో అడవి జంతువులను ప్రజలు ఒకచోట నుంచి మరోచోటికి తరలించకూడదు.