అలిగితే పోవడానికి ఇంకో గది లేదు

"వదినా, ఇల్లు గిట్ల అమ్ముకుంటున్నరా ఏంది?" అని ఎదురింటామె గోడ మీంచి అడిగింది. ఆమె తప్పేం లేదు. మా గేటు ముందు తెల్లటి టెంపో ట్రావెలర్ నిలబడి ఉంది. నేనేమో కుక్కరు, పప్పుల డబ్బాలు, దుప్పట్లు, మందుల సంచి ఒక్కొక్కటే అందులోకి మోస్తున్నాను. "అమ్ముకుంటలేము వదినా, దాంట్లనే ఒక ఏడాది ఉందామని పోతున్నం" అంటే, నాకేమన్నా అయిందా అన్నట్టు చూసింది.

అది 2023 అక్టోబర్. సద్దుల బతుకమ్మ అయిపోయి, దసరాకు జమ్మి ఆకు పంచుకున్న మూడో రోజు. మా ఆయనకు అరవై ఒకటి, నాకు యాభై ఏడు.

మా ఆయన జడ్పీ హైస్కూల్లో లెక్కల సారు. 2020లో, కరోనా రోజుల్లో, సన్మానం, శాలువా లేకుండానే రిటైరయ్యారు. అప్పటికే మా అత్తమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది. 2022 శ్రావణంలో పోయింది. సంవత్సరీకం అయ్యాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది. ఆయన ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టారు. అన్నీ ముసలి దంపతులు పెద్ద పెద్ద బండ్లలోనే కాపురం చేస్తూ దేశాలు తిరిగే వీడియోలే. "మనం కూడా ఒక్క ఏడాది పోదామే" అన్నారు ఒకరోజు.

నిజం చెప్పనా? నాకు ఎక్కడికీ పోవాలని లేదు. ముప్ఫై ఏడేళ్లలో మొదటిసారి నా ఇంట్లో నేను, ఎవరికీ మందు వేసే పని లేకుండా, ఊరికే కూర్చోవాలని ఉండింది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ముఖం చాలా రోజుల తర్వాత అంత వెలుగుగా కనిపించింది మరి.

పాత బండి ఒకటి కొని హైదరాబాద్‌లో బాడీ కట్టే షెడ్డుకి ఇచ్చారు. వెనక మంచం, పక్కన రెండు బర్నర్ల పొయ్యి, చిన్న సింకు, చిన్న ఫ్రిజ్, పైన రెండు సోలార్ పలకలు, కింద 120 లీటర్ల నీళ్ల ట్యాంకు. ఒక మూలకు నిలబడి స్నానం చేసేంత గది, అందులోనే టాయిలెట్. దాని కింద ఉన్న డబ్బాను బయటికి లాగి, పారబోసి, కడగాలి. ఎవరైనా ఇలా చేయించుకోవాలనుకుంటే ఒక్క మాట: బండిలో మార్పులన్నీ రవాణా ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించుకున్నాకే బయల్దేరండి. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అదే చూస్తారు.

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తీస్తారు. అమ్రాబాద్ పులుల అడవి కదా. గేటు తెరిచేసరికే అక్కడ ఉన్నాం. చిన్నప్పటి నుంచి శివరాత్రికి ఆర్టీసీ బస్సులో ఎన్నోసార్లు పోయిన దారే అది. అయినా ఆ పొద్దున ఫర్హాబాద్ దాటుతుంటే కొత్త ఊరికి పోతున్నట్టుంది. దోమలపెంట దాటి కృష్ణ మీదికి దిగుతుంటే, ఇంటి తాళం చెవి నా కొంగుకు ఉందో లేదో రెండుసార్లు తడుముకున్నాను.

మొదటి పది రోజులు బాగానే గడిచాయి. మల్లన్న దర్శనం, మహానంది, అహోబిలం. పదకొండో రోజు గండికోటలో, పెన్నా లోయ ఒడ్డున మొదటి గొడవ.

ఆయన సూర్యాస్తమయం ఫోటోలు తీసుకుని వచ్చి, "ఎంత బాగుందో, నువ్వు రాకపోతివి" అన్నారు. నేను అప్పుడు ఆ చిన్న సింకులో గిన్నెలు కడుగుతున్నాను. తక్కువ నీళ్లతో కడగాలి కాబట్టి ఇంట్లో కంటే రెట్టింపు టైం పడుతుంది. "పని ఉండె" అన్నాను. "ఈడ పనేముంటదే? రెండు గిన్నెలే గద" అన్నారు.

చేతిలో గిన్నె అక్కడే పెట్టేశాను. "మీరు రిటైరయిండ్రు. నేనెప్పుడైత?" అన్నాను. అంతే. ఆ రాత్రి వంట చేయలేదు. ఆయన అరటిపళ్లు తిని పడుకున్నారు.

ఇంట్లో అలిగితే ఒక సౌకర్యం ఉంటుంది. నేను వంటింట్లోకో డాబా మీదికో పోతాను. ఆయన బజారుకు పోతారు. సాయంత్రానికి ఎవరో ఒకరు ఇంటికొస్తారు, వాళ్ల ముందు మాట్లాడుకోక తప్పదు, అలక అలాగే కరిగిపోతుంది. కరిగిపోతుందంటే పోదు, లోపల ఎక్కడో పేరుకుంటుంది. బండిలో పోవడానికి ఇంకో గది లేదు. ఒకరు పక్కకు ఒత్తిగిల్లితే ఇంకొకరికి తెలుస్తుంది. రెండు రోజులు మాటల్లేకుండా, మోకాళ్లు తగులుకుంటూ కూర్చున్నాం.

ఆ రెండు రోజులు నాకు మా నాయినమ్మే గుర్తొచ్చింది.

పాలమూరు లేబర్ అంటే తెలియని తెలుగువాళ్లుండరు. మా నాయినమ్మ, తాత ఆ గుంపుల్లోని వాళ్లే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. ఆ తర్వాత మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని పోయిన వాళ్లలో వీళ్లూ ఉన్నారు. గోనెపట్టాల గుడిసె, మూడు రాళ్ల పొయ్యి. మా నాయిన అప్పుడు పదేళ్ల పిల్లగాడు. ఒక పని అయితే గుడిసె విప్పి మూట కట్టుకుని ఇంకో చోటికి. నాయినమ్మ చెప్పేది: "మీ తాత తట్ట దించి బీడీ ముట్టిచ్చేటోడు. నేను తట్ట దించి పొయ్యి ముట్టిచ్చేదాన్ని." చిన్నప్పుడు ఆ మాటకు నవ్వేవాళ్లం. గండికోటలో నవ్వు రాలేదు.

వాళ్లు బతకడానికి తిరిగారు, మేం చూడటానికి తిరుగుతున్నాం. రెండూ ఒకటేనని నేననను. అలా అంటే నాయినమ్మ కాయ కాసిన అరచేతులకు అన్యాయం చేసినట్టే. కానీ పొయ్యి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆడవాళ్ల వెంటే వస్తోంది.

మూడో రోజు పొద్దున ఆయనే నోరు తెరిచారు. ఆ కథంతా చెప్పాను. ఆయన ఏం మాట్లాడలేదు. లెక్కల సారు కదా, పాత క్యాలెండర్ కాగితం వెనక గీతలు గీసి, ఆ రోజంతా నేను చేసిన పనులు ఒక్కొక్కటే రాసుకుంటూ కూర్చున్నారు. పప్పు నానబెట్టడం, పాలు కాచడం, ఆయన బీపీ గోలీ తీసిపెట్టడం, తడి తువ్వాలు ఆరేయడం, కొడుకు కూతురు ఫోన్ చేసి "నాన్న తిన్నాడా" అంటే జవాబు చెప్పడంతో సహా. రాత్రికి లెక్క తేలింది. నావి 41, ఆయనవి 6. ఆ ఆరులో టాయిలెట్ డబ్బా కడగడం ఒకటి. అది "బండి పని" కాబట్టి ఆయనదేనని మొదటి రోజే తీసుకున్నారు. ముప్ఫై ఏడేళ్లలో ఇంట్లో బాత్రూం బ్రష్షు ముట్టని మనిషి! "ఇంట్ల ఉంటే ఆడోళ్ల పని, చక్రాలుంటే మగోళ్ల పనా?" అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

టైం టేబుల్ వేశారు. పొద్దున చాయ్, రాత్రి టిఫిన్, గిన్నెలు ఆయనవి. పగటి వంట నాది. బట్టలు ఇద్దరం. ఆదివారం పొయ్యికి సెలవు. మొదటి ఉప్మా గోడకు పోస్టర్ అతికించడానికి పనికొచ్చేది. నేను ఒక్క మాట అనలేదు, తిన్నాను. అదే నాకు అన్నిటికంటే కష్టమైన పని. "అట్ల కాదు, ఇటివ్వండి" అని గరిటె లాక్కోవడం మానడానికి నాకు రెండు నెలలు పట్టింది. మన చేతుల్లోంచి పని పోవాలంటే మన నోరు కూడా కాస్త ఆగాలని అప్పుడే తెలిసింది.

జనవరి చివర తిరువయ్యారులో ఉన్నాం. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి ఆరాధన. తెలుగు మాట్లాడటం రానివాళ్లు కూడా కావేరి ఒడ్డున వందల మంది ఒకే గొంతుతో తెలుగు కీర్తనలు పాడుతుంటే ఒళ్లు జలదరించింది. అక్కడ ఆయన సమాధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీ విగ్రహం ఉంది. బెంగళూరు నాగరత్నమ్మది. తన సొంత సంపాదనతో ఆ సమాధి మందిరం కట్టించింది ఆమే. అయినా ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారట ఒకప్పుడు. కట్టడానికి పనికొచ్చిన చేయి, పాడటానికి పనికిరాలేదు! ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్లతో వేరే బృందం పెట్టి, సాధించే దాకా పాడించింది. ఆమె ముందు నేను కాసేపు ఎక్కువే కూర్చున్నాను. ఆయన తొందర పెట్టలేదు.

ఆ మధ్యలోనే మా చెల్లె ఫోన్. "డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయ్యిందక్కా. మేమంతా పైసా లేకుండ తిరుగుతున్నం, మీరేమో డీజిల్ తగలబెట్టుకుంటున్నరు!" అని ఒకటే నవ్వు. ఖర్చు మాటొచ్చింది కాబట్టి చెప్తాను. మొత్తం 19,400 కిలోమీటర్లు తిరిగాం. డీజిల్‌కు లక్షా ఎనభై వేల దాకా అయింది. తిండికి నెలకు ఎనిమిది వేలు దాటలేదు. రాత్రుళ్లు గుడి పార్కింగుల్లో, పెట్రోల్ బంకుల్లో అడిగి ఆపుకున్నాం. అడగకుండా ఎక్కడా ఆపలేదు. చీకటి పడ్డాక కొత్త చోటికి చేరకూడదని నేను పెట్టిన రూలు. అది మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

కేరళ, కొంకణం, గుజరాత్ తిరిగి, ఎండాకాలం హిమాచల్‌లో గడిపి, ఆగస్టులో కాశీ చేరాం. అక్కడి ఆంధ్రా ఆశ్రమంలో విస్తరి ముందు కూర్చుంటే పప్పు, చారు, పచ్చడి. నేను వండనిది, నన్ను అడగనిది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందేమో అనుకుని ఆయన మజ్జిగ జరిపారు.

ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, మన పాలమూరు మీదుగానే హైదరాబాద్ పోయి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. వెంట సుమారు వంద మంది. ఏ ఊళ్లో ఏ సామాను దొరుకుతుందో కూడా రాసి పెట్టిన మనిషి. ఆ వంద మందికి అన్ని రోజులు వండిన చేతులు కూడా ఒక పుస్తకం రాసి ఉంటే ఎంత బాగుండేదో.

సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేం శ్రీకాకుళం జిల్లాలోనే ఆగిపోయాం. నెలాఖరుకు మాచర్ల మీదుగా సాగర్ చేరాం. నిండు నీళ్లు. 26 గేట్ల ఆ రాతి కట్ట ముందు బండి ఆపించాను. అందులో ఏ రాయి మా నాయినమ్మ మోసిందో? పని అయిపోయాక ఆమె మళ్లీ ఎన్నడూ అక్కడికి రాలేదు, నీళ్లు నిండిన సాగర్‌ను చూడనేలేదు. ఆయన పొయ్యి వెలిగించి రెండు కప్పుల చాయ్ పెట్టి తెచ్చారు. గట్టు మీద కూర్చుని తాగాం. ఒక గుక్కెడు నేల మీద పోశాను, ఆమె పేరు మీద.

దేవరకొండ, డిండి దాటి అక్టోబర్ 1న అచ్చంపేట చేరాం. దారి పొడుగునా తంగేడు పూసి ఉంది. తెల్లారితే ఎంగిలి పూల బతుకమ్మ. ఎదురింటామె అప్పటికే గునుగు కట్టలు తెచ్చి పెట్టింది. పదకొండు నెలలే అయింది గానీ, ఏడాదనే చెప్పుకుంటున్నాం.

ఇల్లు తుడిచి, కుళాయి తిప్పి, ధారగా పడుతున్న నీళ్లను చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అప్పుడే హాల్లోంచి వినిపించింది, పాత కుర్చీలోంచి, పాత గొంతుతో: "ఏమే, చాయ్ పెడతవా?"

భయపడ్డాను. ఇల్లు మళ్లీ ఆయన్ని తన వైపు లాగేసుకుందేమో అని. గండికోటలోలాగా కోపం తెచ్చుకోలేదు. క్యాలెండర్ కాగితం సంచిలోంచి తీసి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతం పెట్టి అంటించాను.

"ఇంకా బండ్లనే ఉన్నమనుకోండి" అన్నాను.

కుర్చీ కిర్రుమంది. కాసేపటికి వంటింట్లోంచి, "చక్కెర డబ్బా యాడుందే?" అని కేక. ఎక్కడుందో చెప్పాను. లేచి వెళ్లి ఇవ్వలేదు.