ఆడవాళ్ళకి కలిసొచ్చే రాయి

వినాయకచవితినాడు అక్షతలు చేత్తో పట్టుకుని శ్యమంతకోపాఖ్యానం వినని ఇల్లాలు మనలో ఉండదు. రోజుకి ఎనిమిది బారువుల బంగారం పెట్టే మణి. దాన్ని మెళ్ళో వేసుకుని వేటకెళ్ళిన ప్రసేనుడు సింహం నోట పడ్డాడు. సింహాన్ని జాంబవంతుడు చంపాడు. నీలాపనింద కృష్ణుడి నెత్తిన పడింది. చివరికి జాంబవంతుడు మణితోపాటు జాంబవతిని కూడా ఇచ్చేశాడు, సత్రాజిత్తు సత్యభామని ఇచ్చాడు. మణికి తోడు ఆడపిల్ల, ఆడపిల్లకి తోడు మణి! చిన్నప్పుడు ఈ కథ జరుగుతున్నంతసేపూ నా చూపు ఉండ్రాళ్ళ మీదే ఉండేది. ఆ పిల్లల్ని ఎవరైనా ఒకమాట అడిగారా అనే సందేహం పెద్దయ్యాక గానీ రాలేదు.

ఈ శ్యమంతకమే కోహినూరు అని నమ్మేవాళ్ళున్నారు. ఆ కోహినూరు మన కొల్లూరులో పుట్టిందని గుంటూరు ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. కొల్లూరంటే తెనాలి దగ్గరి కొల్లూరు కాదండోయ్. పల్నాటిలో, బెల్లంకొండ అవతల, కృష్ణ ఒడ్డున ఉండేది.

మా మేనత్తకి ఈ రాయి మీద ఎక్కడలేని అభిమానం. "మగాడు పెట్టుకుంటే మట్టికొట్టుకుపోతాడుటే. ఆడది పెట్టుకుంటే అన్నీ శుభాలేనట. చూశావా ఆడదాని మహిమ!" అంటుంది. ఈ మాట పూర్వం ఏదో గ్రంథంలో రాసి ఉందంటారు. ఏ గ్రంథమో ఎవరూ తీసి చూపించరు. నాదిర్షా 1739లో ఢిల్లీని దోచుకుని నెమలి సింహాసనం పట్టుకుపోయినప్పటినుంచే ఈ రాయి సంగతి నికరంగా తెలుస్తోందని, 2017లో డాల్‌రింపుల్, అనితా ఆనంద్ కలిసి రాసిన పుస్తకం చెబుతుంది. కాకతీయుల భద్రకాళి కన్ను, తలపాగాలు మార్చుకోవడం, ఇవన్నీ వినడానికి బాగుంటాయి. వీటిలో చాలా భాగం ఇంగ్లీషువాళ్ళు పంజాబు పుచ్చుకున్నాక, డల్హౌసీ పురమాయిస్తే మెట్‌కాఫ్ అనే ఆయన ఢిల్లీ బజారు కబుర్లన్నీ పోగేసి రాసిన నివేదికలోంచి వచ్చినవేనట. బజారు కబురు దొరగారి కాగితం మీదికెక్కితే చరిత్రే మరి!

మగవాళ్ళ సంగతి మా మేనత్త చెప్పినట్టే జరిగిందనుకోండి. నాదిర్షాని 1747లో సొంతవాళ్ళే నరికారు. అతని వంశమూ, తర్వాత ఆఫ్ఘన్ రాజుల వంశమూ కళ్ళు పీక్కుని, పీకలు కోసుకుని పోయాయి. అయితే ఆ కాలపు రాజుల్లో రాయి లేనివాళ్ళు మాత్రం మంచంమీద హాయిగా పోయారా? నాకు తెలుసుకోవాలని ఉన్నది మగవాళ్ళ గురించి కాదు. ఆడవాళ్ళకి కలిసొస్తుందన్నారే, ఎవరికొచ్చింది?

షాషుజా అనే ఆఫ్ఘన్ రాజు గద్దె పోగొట్టుకుని కాశ్మీరంలో బందీ అయ్యాడు. ఆయన భార్య వఫా బేగం లాహోరులో కూర్చుని రంజిత్‌సింగుకి కబురు పెట్టింది, నా మొగుణ్ణి విడిపించి తెస్తే కోహినూరు ఇస్తానని. తెచ్చాడు. 1813లో పుచ్చుకున్నాడు. ఇవ్వడానికి షాషుజా వెనకాడితే కాపలా పెట్టి మరీ పుచ్చుకున్నాడు. మొగుడి ప్రాణం కోసం పుస్తెలు తాకట్టుపెట్టిన ఇల్లాళ్ళని మన వీధుల్లోనే చూశాం కనక, ఈ కథ నాకు కొత్తగా అనిపించలేదు. రాయి వెడల్పులో మాత్రమే తేడా.

రాణీ జిందన్ కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. రంజిత్‌సింగు చిన్నభార్య. ఆయన పోయాక పసివాడు దలీప్‌సింగు గద్దెనెక్కితే తనే రాజ్యం చూసుకుంది. ఆవిడ కొడుకు దగ్గరుంటే మన మాట చెల్లదని ఇంగ్లీషువాళ్ళకి తోచింది. 1847లో తల్లిని ఒకచోటికీ, పిల్లాణ్ణి ఒకచోటికీ చేశారు. 1849లో పదేళ్ళ పిల్లాడి చేత రాజ్యం ఒదిలినట్టు సంతకం పెట్టించుకున్నారు. కోహినూరు విక్టోరియాకి అప్పగించాలని ఆ కాగితంలోనే ఒక షరతు. పదేళ్ళవాడు! మన ఇళ్ళల్లో ఆ వయసువాడి చేత రిజిష్టరు ఉత్తరం మీద కూడా సంతకం పెట్టించరు. తల్లి ఆ ఏడే చునార్ కోటలోంచి దాసీ వేషంలో తప్పించుకుని నేపాలు చేరింది. కొడుకుని మళ్ళీ చూడ్డం 1861లో, కలకత్తాలో. అప్పటికి ఆవిడకి కళ్ళు సరిగా కనిపించడంలేదు. రెండేళ్ళకి లండన్లో పోయింది.

విక్టోరియా రాణికైనా కలిసొచ్చిందా అంటే, ఆ వజ్రాన్ని తెస్తున్న ఓడ ఇంగ్లండు చేరే రోజుల్లోనే, 1850 జూన్‌లో, ఒక పిచ్చివాడు ఆవిడ్ని నడివీధిలో కర్రతో నుదుటిమీద కొట్టాడు. మరుసటి ఏడు ఎగ్జిబిషన్లో పెడితే జనం చూసి, గాజుముక్కలా ఉందే అని పెదవి విరిచారు. అప్పుడు దాన్ని మళ్ళీ కోయించారు. సుమారు 190 కారట్ల రాయి 105 కారట్లయింది. ఆ తర్వాత అలెగ్జాండ్రా, మేరీ, ఎలిజబెత్, వరసగా రాణుల కిరీటాల్లోనే ఉంది, రాజులు పెట్టుకోలేదు. 2023లో కమిల్లా పెట్టుకోకుండానే పట్టాభిషేకం జరిపించుకుంది. శాపానికి భయపడి కాదు, మాది మాకిమ్మని అడిగే దేశాలు ఎక్కువయ్యాయి కనక.

అసలు దీన్ని మొట్టమొదట ముట్టుకున్న ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకోరేం?

17వ శతాబ్దం మధ్యలో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు కొల్లూరు వచ్చి చూసి రాసుకున్నాడు. అంతకి నూరేళ్ళ కిందట ఎవరో బీదవాడు చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుతుంటే పాతిక కారట్ల రాయి బయటపడిందట. ఆయన చూసేనాటికి గనిలో సుమారు 60,000 మంది. మగవాళ్ళు పన్నెండు, పధ్నాలుగడుగుల లోతున తవ్వుతారు. ఆడవాళ్ళు, పిల్లలు ఆ మట్టి మొయ్యాలి. గోడ కట్టిన మళ్ళలో పోసి, నీళ్ళు పోసి, నానబెట్టి, వంచి, ఎండబెట్టి, ధాన్యం తూర్పారబట్టినట్టు చెరిగేవారట. మిగిలిన గడ్డల్ని పెద్దపెద్ద కర్ర రోకళ్ళతో దంచి, మళ్ళీ చెరిగి, అప్పుడు వేళ్ళతో ఏరేవారట. ఎంత తెలిసిన పనులండీ! మట్టి మోత, చెరుగుడు, దంపుడు, ఏరుడు. బియ్యంలో రాళ్ళేరిన చెయ్యే రాళ్ళలో వజ్రం ఏరింది. కొల్లూరు కూలి ఎంతో గానీ, ఇంకో గనిలో కూలివాళ్ళకి ఏడాదికి మూడు వరహాలని ఆయనే రాశాడు. వాళ్ళకేం కలిసొచ్చిందో ఏ గ్రంథమూ చెప్పలేదు.

కొల్లూరు ఇప్పుడు లేదు. 2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమయ్యాక, ఆ గనుల నేలంతా నీళ్ళ కిందికి పోయింది. డెల్టా పొలాలకి నీళ్ళు కావాలి, కాదనలేం.

మా మేనకోడలు లండన్ వెళ్ళి కిరీటం చూసొచ్చింది. కదిలే పట్టా మీద నిలబడి చూడాలట. ఆగి చూద్దామంటే ఆగదు, పట్టా లాక్కుపోతుంది. "ఎలా ఉందే?" అని మా మేనత్త ఆత్రంగా అడిగితే, "నీ ముక్కుపుడకే మెరుస్తోందత్తయ్యా" అంది. మా మేనత్త ఆ పూటంతా దానితో మాట్లాడలేదు.

మొన్న మాఘమాసంలో సత్తెనపల్లి నుంచి బస్సులో వస్తుంటే, మిరపకోతలకి వెళ్ళొచ్చే ఒకావిడ నా పక్కన కూర్చుంది. వేళ్ళ నిండా కొబ్బరినూనె. కాయ తుంచి తుంచి మంటలు పుడతాయి మరి. ఏ ఊరమ్మా అంటే, మునిగిన ఊళ్ళలో ఒకదాని పేరు చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మీ వైపు వజ్రాలు దొరికేవిటగా అన్నాను.

"ఏమోనమ్మా, మా ముసలోళ్ళు చెప్పుకునేవోళ్ళు. నేనైతే చూళ్ళేదు. మా రోలు మాత్రం అక్కడే ఉండిపోయింది. మా అత్త కాపరానికొచ్చినకాడ్నించీ దాంట్లోనే నూరేది. ట్రాక్టరులోకెత్తుదామంటే మడుసులు చాల్లేదు. మావోడు, కొత్త ఇంటికాడ మిక్సీ కొనుక్కుందాంలే అమ్మా, పద అన్నాడు."

"కొన్నాడా?" అన్నాను.

"కొన్నాడు" అంది, టిక్కెట్టు చిల్లర కొంగుకి ముడేసుకుంటూ. "గోంగూర పచ్చడికి మాత్రం పనికిరాదమ్మా."