మడత కత్తిపీట చేయించుకోవాలా?

నరసరావుపేటలో కొలిమి దగ్గర మడత కత్తిపీట చేయించుకుంటానంటే మావారు నవ్వారు. "బజార్లో రెండొందల యాభైకి దొరికేదానికి ఎనిమిదొందలెందుకు?" అన్నారు. మీ ఇంట్లోనూ ఇదే మాట వస్తుంది కదూ!

నేనూ వారం రోజులు ఆలోచించాను. బజారు స్టీలుది తుప్పు పట్టదు, నిజమే. కానీ మా ఇంట్లో రెండేళ్ళలో రెండు మారాయి. రెండోదాని మడత బందు వదులై, దోసకాయ తరుగుతుంటే కత్తి వాలిపోయింది. మా అమ్మాయి వేలికి మూడు కుట్లు పడ్డాయి.

మా కమ్మరి బాబాయి పాత లారీ కమాను పట్టీతో చేస్తాడు. ఆ ఉక్కు పదును త్వరగా పోదు. పోయినా సానబెట్టించుకోవచ్చు. నాకు మోకాళ్ళ నొప్పులు, ముక్కాలిపీట మీద కూర్చుంటాను. అందుకని కత్తి రెండంగుళాలు ఎత్తు పెట్టమంటే పెట్టాడు. బజారుదైతే మన మాట వింటుందా?

దీనికీ ఓ లోపముంది. పులుపు తగిలితే నల్లబడుతుంది, తడి ఉంటే తుప్పు పడుతుంది. మామిడికాయ తరగ్గానే కడిగి, పొడిబట్టతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయాలి. అంత ఓపిక లేకపోతే స్టీలుదే తీసుకోండి.

ఏది కొన్నా కొట్లోనే రెండు చూడండి. కత్తి నిలబెట్టి ఊపితే కదలకూడదు. మడిస్తే పదునంతా చెక్క గాడిలో దాగిపోవాలి.

కారంపూడిలో ఏటా వీరుల ఆయుధాలకు మొక్కే సీమ మనది. రోజూ మన చేతిలో ఉండే కత్తిని మాత్రం చూడకుండా కొంటాం!

పాలడబ్బుల్లోంచి దాచి చేయించాను. వేలు తెగిన దగ్గర్నుంచీ కత్తిపీట ముట్టని మా అమ్మాయి, నిన్న తనే కూర్చుని బెండకాయలు తరిగింది. ఆ ఎనిమిదొందలూ నాకు అప్పుడే ముట్టాయి.