ప్రార్థన కొండ, కాలువ గట్టు, గుండ్లకమ్మ

ఒంగోలు పేరు చెప్పగానే చాలామందికి గిత్తలు గుర్తొస్తాయి. పెద్దలకు టంగుటూరి ప్రకాశం పంతులుగారు గుర్తొస్తారు. జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు. మాలాంటి తెలుగు బాప్టిస్టు కుటుంబాలకు మాత్రం ఆ ఊరితో మరో మూడు జ్ఞాపకాలు ముడిపడి ఉన్నాయి. ఒక కొండ, ఒక కాలువ, ఒక ఏరు. ఈ మూడూ ఒక్క రోజులో చూసి రావచ్చు. అయితే వాటి వెనుక ఉన్న కథ తెలిసి చూస్తే ఆ ఒక్క రోజు చాలా కాలం వెంట ఉంటుంది.

నేను చెన్నైలో పుట్టి పెరిగినవాణ్ణి. ముప్పై ఏళ్ళ పైచిలుకుగా బ్యాంకులో పనిచేస్తున్నాను. మా వాళ్ళు ఒంగోలు ప్రాంతం నుంచి ఎప్పుడో మద్రాసు చేరుకున్నారు. బకింగ్‌హాం కాలువ తవ్వినప్పుడు మా ముత్తాత తండ్రి తట్టతో మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆ కాలువే మన చెన్నైలో ఎం.ఆర్.టి.ఎస్. రైలు స్తంభాల కింద నల్లగా కనిపించే నీరు. రోజూ ముక్కు మూసుకుని దాటే ఆ కాలువకు మా ఇంటి కథతో ఇంత సంబంధం ఉందని మా అమ్మాయితో చెబితే మొదట నవ్వింది.

2019లో నా భార్య కాన్సరుతో మూడేళ్ళు పోరాడి కన్నుమూసింది. ఆ మూడేళ్ళూ సంఘమంతా మా కోసం ప్రార్థన చేసింది. ఉపవాస కూటాలు జరిగాయి. మా అయ్యగారు వారం వారం ఇంటికి వచ్చి ప్రార్థించి వెళ్ళేవారు. ఆమె పోయిన తరువాత కుటుంబ ప్రార్థనలో మా అమ్మ ఒక్కతే గొంతెత్తేది. మా అమ్మాయి పక్కన కూర్చునేది గానీ పెదవి కదిపేది కాదు. నేను బలవంతపెట్టలేదు. దుఃఖంలో ఉన్న పిల్లకు వాక్యాలు వల్లించటం నాకు చేతకాలేదు. మా అమ్మకు ఎనభై ఏళ్ళు నిండినప్పుడు, చనిపోయేలోగా పెద్దల ఊరు ఒకసారి చూడాలని ఉందంటే, ముగ్గురం కలిసి బయలుదేరాం.

చెన్నై నుంచి ఒంగోలు సుమారు 290 కిలోమీటర్లు. మధ్యాహ్నం పినాకిని ఎక్కితే సాయంత్రానికి దిగవచ్చు. రాత్రి ఊళ్ళో బస చేసి, మరునాడు తెల్లవారుజామునే ప్రార్థన కొండకు వెళ్ళాం. హిమాలయాలు చూసినవారికి అది కొండలా కనిపించదు. దాని పెద్దరికం ఎత్తులో లేదు.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఈ కొండ మీద ఐదుగురు మోకరించారు. నెల్లూరు నుంచి వచ్చిన లైమన్ జ్యూవెట్ అనే అమెరికన్ మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగువారు - నర్సు, జూలియా, రూతు. అప్పటికి నెల్లూరులో ఆ మిషను పెట్టి 14 ఏళ్ళయినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో మిషను పెద్దలు సమావేశమై దాన్ని మూసేయాలా అని చర్చించారు. మిషన్ల పటంలో ఈ ప్రాంతంలో ఒకే ఒక చుక్క ఉండటం చూసి ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఆ మాట మీద పద్యం రాసి మరునాడు వినిపించాడట. మిషను నిలిచింది. కొండ మీది ఐదుగురూ, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు.

ఆ ప్రార్థనకు జవాబు వచ్చింది 1866లో. అంటే 12 ఏళ్ళకు. ఈలోగా 1862లో మళ్ళీ మిషనును మూసేయాలన్న మాట వచ్చింది. అనారోగ్యంతో స్వదేశం వెళ్ళి ఉన్న జ్యూవెట్, మీరు పంపకపోతే నేనొక్కణ్ణే వెళతానన్నాడు. అలాగైతే నిన్ను పాతిపెట్టటానికైనా ఒకరిని తోడు పంపాలి అన్నారట అక్కడి కార్యదర్శి. ఆ తోడుగా వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. మనవాళ్ళ నోట క్లౌ దొరగారు. వయసులో ఉండగా అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ పనితనం ఒంగోలులో అక్కరకు వస్తుందని అప్పటికి ఎవరూ ఊహించి ఉండరు.

క్లౌ వచ్చిన ఏడాదే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం పొందాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఆయన వెంట ఆయన వాళ్ళు రావటం మొదలుపెట్టారు. వాళ్ళను సంఘంలో చేర్చుకుంటే మేము మా పిల్లలను మీ బడికి పంపం అని పై కులాలవారు చెప్పారు. ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని చెబుతారు. లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఎన్నుకోవటం గురించిన భాగం అది. బడి ఖాళీ అయినా సరేనని, వచ్చినవారిని చేర్చుకున్నారు.

కొండ దిగి వచ్చాక, కొత్తపట్నం వెళ్ళే దారిలో కాలువ చూశాం. ఆంధ్రలో పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సముద్రం పక్కనే నడిచే ఉప్పునీటి కాలువ ఇది. ఒకప్పుడు వంటచెరకు, ఉప్పు, ధాన్యం వేసుకుని పడవలు దీనిమీదుగా మద్రాసు వెళ్ళేవి. ఇప్పుడు ఆ రాకపోకలు లేవు. 2004 డిసెంబరు సునామీలో సముద్రపు నీటి ఉద్ధృతిని ఈ కాలువ కొంత అడ్డుకుందని శాస్త్రజ్ఞులు చెప్పారు.

ఈ కాలువలో పెద్ద భాగం తవ్వింది ఆకలిగొన్నవారి చేతులు. 1876లో వానలు పోయాయి. 1877లోనూ సరిగా పడలేదు. మద్రాసు రాజధాని అంతటా కరువు, దాని వెనుకే కలరా. కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కట్టిన లెక్క ఒకటి ఉంది. ఒక పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. దానితో రోజంతా మట్టి మోయాలి.

క్లౌ తన సర్వే అనుభవంతో ఈ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుగా తీసుకున్నాడు. సంఘంలోని బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు పని చూసేవారు, పని ఆగినప్పుడు జనం మధ్య కూర్చుని సువార్త చెప్పేవారు. కూలి సరిగా అందుతుందని తెలిసి దూరపు పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. వారిలో వందల మంది మేమూ క్రీస్తును నమ్మాం, బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు.

ఇక్కడ క్లౌ చేసిన పని నాలాంటి లెక్కల మనిషికి చాలా గొప్పగా తోస్తుంది. ఆయన ఇవ్వలేదు. కూలీ, సహాయం తన చేతి మీదుగా నడిచినంతకాలం, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం ఖాతా వేరు, విశ్వాసం ఖాతా వేరు. రెండూ కలిస్తే రేపు ఎవరి నమ్మకం ఏపాటిదో తేల్చటం ఎవరి తరమూ కాదు.

ఈ మాట నేను ఊరికే రాయటం లేదు. చిన్నప్పుడు బడిలోనూ, ఆ తరువాత ఉద్యోగంలోనూ, మీ వాళ్ళు గంజి కోసం మతం మారినవాళ్ళే గదా అని నవ్వుతూ అన్నవారున్నారు. వాళ్ళంతా చెడ్డవారని కాదు. వారికి ఈ పదిహేను నెలల సంగతి తెలియదు.

మధ్యాహ్నం మూడో చోటుకు వెళ్ళాం. ఒంగోలుకు ఉత్తరంగా, మద్దిపాడు మండలంలో వెల్లంపల్లి. పక్కనే గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి బంగాళాఖాతంలో కలిసే ఏరు. 1878 జూన్‌లో కరువు సాయం ముగిసింది. తన దగ్గర ఇక పంచటానికి డబ్బు లేదని క్లౌ కబురు పంపాడు. అయినా జనం వెల్లంపల్లికి వచ్చారు. మాకు సాయం అక్కరలేదు, పనిచేసి బతికామనటానికి మా అరచేతుల బొబ్బలే సాక్ష్యం, మళ్ళీ వాన పడక చావవలసి వస్తే క్రైస్తవులుగానే చస్తాం అన్న అర్థంలో చెప్పారట.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది - మూడు రోజుల్లో 3,536 మంది ఈ ఏటిలో బాప్తిస్మం పొందారు. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, పొద్దున మొదలుపెట్టి మధ్యలో విరామం ఇచ్చి, మొత్తం తొమ్మిది గంటలపాటు నీళ్ళలో నిలబడ్డారు. ఆ రోజు క్లౌ ఎవరికీ స్వయంగా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ సంవత్సరం చివరికి లెక్క 9,606కు చేరింది.

మా అమ్మ ఏటి ఒడ్డున కూర్చుని నీళ్ళు చేత్తో తీసుకుని కళ్ళకు అద్దుకుంది. అప్పుడు మా అమ్మాయి, అమ్మ పోయాక మొదటిసారిగా, మనసులో ఉన్నది అడిగింది.

"నాయనమ్మా, వాళ్ళు అడిగితే దేవుడు ఇచ్చాడు. అమ్మ కోసం మనం అంతమందిమి అడిగాం గదా. మనకెందుకు ఇవ్వలేదు?"

నేను నోరు తెరవబోయి ఆగాను. మా అమ్మ కాసేపు నీళ్ళకేసి చూసి నెమ్మదిగా చెప్పింది.

"వాళ్ళకు మాత్రం ఏమిచ్చాడే తల్లీ? వాన అడిగారు, రెండేళ్ళు పడలేదు. పిల్లల్ని బతికించమని అడిగారు, ఎంతమందిని మట్టిలో పెట్టారో! ఆ పెట్టివచ్చిన చేతులతోనే ఈ ఏట్లో దిగారు. మీ తాత పోయినప్పుడు మీ నాన్నకు ఏడేళ్ళు. నేనూ అడిగాను, ఎందుకని. ఇప్పటికీ చెప్పలేదు ఆయన. కానీ ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను ఒక్కదాన్నే ఉన్నానని ఎప్పుడూ అనిపించలేదు."

మా అమ్మాయి ఏమీ అనలేదు. నాయనమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. ఐదేళ్ళ నాటి ఏడుపు అది. దానికి చోటు దొరికినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

బ్యాంకులో అప్పు మంజూరు చేసేటప్పుడు హామీ ఏముందని చూడటం మా ధర్మం. ఆ రోజు ఏట్లో దిగిన వారికి ఏ హామీ లేదు. కూలి అయిపోయింది, సాయం అయిపోయింది, వాన సంగతి తెలియదు. ఇస్తాడు కాబట్టి నమ్మటం ఒక మెట్టు. ఇవ్వకపోయినా తోడు ఉన్నాడని నమ్మటం దానిపై మెట్టు. ఆ మెట్టు ఎక్కించేది ప్రసంగాలు కావు, కష్టమే. అయితే కష్టం మంచిదని నేను అనను. నా భార్య పడిన బాధ మంచిదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ బాధలో ఆమె చేయి వదలనివాడు మంచివాడు అంటాను. మా చేయీ వదలలేదు. ఇంతవరకే నా సాక్ష్యం.

మన పాఠకుల్లో అన్ని మతాలవారూ ఉన్నారు. మీ మతం ఏదైనా, ఈ దారిన వెళ్ళినప్పుడు ఒక రోజు ఒంగోలులో ఆగండి. పొద్దున్నే కొండ ఎక్కండి, ఎండ ముదిరితే కష్టం. ఊళ్ళో జ్యూవెట్ పేర కట్టిన బాప్టిస్టు దేవాలయం, క్లౌ పేర ఉన్న ఆసుపత్రి అడిగితే ఎవరైనా చూపిస్తారు. కాలువ గట్టు మీద కాసేపు నిలబడండి. చెన్నైలో ఉన్నవారైతే, ఇంటి దగ్గర దాటే ఆ నల్లటి నీటిని ఇక మునుపటిలా చూడలేరు. పిల్లలను తప్పక తీసుకుపొండి. పెద్దవాళ్ళు బతికి ఉంటే వాళ్ళను మరీ తప్పక తీసుకుపొండి. మనం పుస్తకాల్లో చదివి చెప్పలేనిది వాళ్ళు ఒక్క మాటలో చెబుతారు.

మేము తిరిగి వచ్చిన వారం, రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మాయి బైబిలు తానే అందుకుని ఒక కీర్తన చదివింది. ప్రార్థన మాత్రం ఇంకా నాయనమ్మే చేస్తోంది. తొందర లేదు. మొదటి ప్రార్థనకు జవాబు రావటానికి ఆ కొండకే పన్నెండేళ్ళు పట్టింది.