నల్లమల దారిలో మూట బరువు

వెంకటాపురంలో కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తే నా సంచి తొమ్మిదిన్నర కిలోలు తూగింది. ఇంట్లో ఎత్తి చూసినప్పుడు ఇంత అనిపించలేదు. ఆత్మకూరు దగ్గరి ఈ ఊరి నుంచే శివరాత్రికి శ్రీశైలం కాలినడక మొదలవుతుంది. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నలభై కిలోమీటర్లకు పైమాటే. అడవిలో అడుగుపెట్టాక బస్సు లేదు, ఆటో లేదు. భుజానికి తగిలించుకున్నది మల్లన్న గుడి దాకా మనమే మోయాలి.

మా గుంపులో ఒకాయన మోకాళ్ల నొప్పుల వల్ల దోర్నాల మీదుగా బస్సులో వెళ్తున్నాడు. బరువు సామాను ఆయనకు అప్పగిద్దామనుకుని అక్కడే అరుగు మీద సంచి విప్పాను. మూడు జతల బట్టలు, స్టీలు డబ్బా, పుస్తకం, దుప్పటి బస్సుకు పోయాయి. రెండు లీటర్ల నీళ్లు, టార్చి, తువ్వాలు, ఒక పంచె, కాస్త బెల్లం, వేరుశనగపప్పు నా దగ్గర మిగిలాయి. భుజం తేలికైన సంతోషంలో బీపీ మాత్రలు ఏ సంచిలో ఉన్నాయో చూసుకోలేదు.

నాగలూటి చేరేసరికి సంచి పట్టీ మెడ పక్కన ఒరుసుకుని చర్మం కందిపోయింది. వీరభద్రుడి గుడి దగ్గర అన్నదానం పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ అది చూసింది. ఆదోని వైపు మనిషి. ఆమె సామానంతా ఒక తువ్వాలు మూట: జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, విభూతి, చిన్న చెంబు.

"అంత కిందికి ఏలాడేసుకున్యావేం నాయనా, నడుం పట్టేస్తాది. పైకి బిగిచ్చుకో" అంటూ పట్టీలు తనే లాగి కట్టింది. తువ్వాలు నాలుగు మడతలు వేసి పట్టీ కింద పెట్టింది. నీళ్ల సీసాలు పక్క జేబుల్లోంచి తీయించి వీపుకు ఆనేలా లోపల పెట్టించింది. అదే బరువు, అదే సంచి. లేచి నాలుగడుగులు వేస్తే వేరే సంచి మోస్తున్నట్టుంది.

పెచ్చెరువులో రాత్రి చలికి దుప్పటి గుర్తొచ్చింది, తర్వాత మాత్రలు గుర్తొచ్చాయి. యాత్రికుల కోసం పెట్టిన వైద్య శిబిరంలో బీపీ చూసి మాత్ర ఇచ్చారు. పంచె కప్పుకుని ముడుచుకుని పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీతో, బోయీలతో కాశీకి పోతూ ఈ దారినే శ్రీశైలం వెళ్లారు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో ఈ మజిలీల గురించి చదివినప్పుడు నాకు దారి మీదే ధ్యాస. భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు మాత్రం ఆ బోయీల భుజాలే కళ్ల ముందు మెదిలాయి. దిగుడులో వీపు మీది బరువు మనిషిని ముందుకు తోస్తుంది, ఆ తోపుడంతా మోకాళ్ల మీద పడుతుంది. అడుగు అడ్డంగా వేస్తూ దిగాను. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డికి మనసులోనే దండం పెట్టుకున్నాను. నా పక్కనే శివస్వాములు తల మీద జ్యోతిర్ముడితో, చెప్పులు లేని కాళ్లతో దిగిపోతున్నారు.

కొలను దగ్గర ఆగి లెక్క వేసుకున్నాను. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఎదురుగా కైలాసద్వారం నిట్టనిలువు ఎక్కుడు. కడుపునిండా తాగి, ఒక్క సీసా మాత్రమే నింపుకున్నాను. పైకి చేరేసరికి అందులో రెండు గుక్కలు మిగిలాయి.

ఎక్కేదారి పొడవునా బండల సందుల్లో ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ కవర్లు. ఇది పెద్దపులుల అభయారణ్యం. నిండుగా ఉన్నప్పుడు అంత దూరం మోసినవాళ్లు, ఖాళీ అయ్యాక మోయలేకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

హాటకేశ్వరం దాటాక కాళ్లు వాటంతటవే నడిచాయి. సత్రంలో నా పెద్ద సంచి భద్రంగానే ఉంది. అందులో నేను విప్పి వాడుకున్నది ఒక్క జత బట్టలు.

వచ్చే శివరాత్రికి ఈ దారిన వెళ్లేవాళ్లకు నా విన్నపం: ఏది బస్సులో పంపినా మాత్రలు, దుప్పటి మీ దగ్గరే ఉంచుకోండి. తాగిన సీసాను సంచిలోనే వేసుకుని శ్రీశైలం దాకా తీసుకెళ్లండి.