మా వంటింట్లోకి వచ్చిన సీసా

జపాన్ సూపర్ మార్కెట్లో సాకే రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి మద్యం అరల్లో, బీరు డబ్బాల పక్కన. ఇంకోటి సోయా సాస్, వెనిగర్ పెట్టే వరసలో. ఈ రెండో దాని పేరు ర్యోరిషు. అంటే వంట సాకే. చూడ్డానికి అచ్చం వెనిగర్ సీసాలాగే ఉంటుంది. రెండూ బియ్యం పులియబెట్టి చేసినవే. పెద్ద తేడా ఏంటంటే, వంట సాకేలో ఉప్పు కలుపుతారు. నూటికి రెండు మూడు పాళ్లు. తాగడానికి పనికిరాకుండా చేస్తే దానికి మద్యం పన్ను ఉండదు, లిక్కర్ లైసెన్స్ లేని కొట్లో కూడా అమ్ముకోవచ్చు. ఆల్కహాల్ మాత్రం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే.

నేను టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాను. ఎడొగావా వార్డులో మన ఇండియా వాళ్లు ఎక్కువగా ఉండే చోటు. కరివేపాకు, కందిపప్పు నడిచిపోయి తెచ్చుకోవచ్చు. ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది. మొదటి మూడేళ్లు నేను ఆ రెండు అరల దగ్గరా ఆగలేదు. ఆఫీసు పార్టీల్లో అందరి ముందూ గ్లాసులుంటే నా ముందు ఊలాంగ్ టీ ఉండేది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, కారణమూ అడగలేదు. అడిగితే చెప్పాలంటే నెల్లూరు దాకా వెళ్లాలి.

మాది నెల్లూరు జిల్లా. సారా వ్యతిరేక ఉద్యమం అంటే చాలామందికి గుర్తొచ్చే దూబగుంట మా జిల్లాలోదే, కలిగిరి మండలం. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ మంట జిల్లా అంతా పాకింది. మా అమ్మమ్మ కూడా చీపురు పట్టుకుని రోడ్డెక్కిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఎత్తేశారు. నాకు ఊహ తెలిసేసరికి మా వీధి చివర బ్రాందీ షాపు ఉంది. మా నాయన ఇంట్లో కంటే అక్కడే ఎక్కువగా ఉండేవాడు.

ఆదివారం మాత్రం ఇంట్లోనే. అమ్మ చేత చేప ముక్కలు వేయించుకుని, సీసా ముందు పెట్టుకుని కూర్చునేవాడు. చేప మాకోసం కాదు, ఆయనకి నంజు. ఒక ప్లేటు అయ్యేలోపు గొంతు మారిపోయేది. రెండో ప్లేటుకి నేనూ తమ్ముడూ మిద్దె మీదికి వెళ్లిపోయేవాళ్లం. వేపుడు వాసన, బ్రాందీ వాసన కలిసి ఒకటే వాసనగా నా ముక్కులో ఉండిపోయాయి. నేను ఇంటర్ సెకండియర్‌లో ఉండగా లివర్ పాడై పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో చేప వేపుడు అనేది లేదు. అమ్మ పులుసే పెట్టేది. మామిడికాయ ముక్కలేసి, మట్టి దాకలో, రాత్రి చేసి పొద్దున తినేటట్టు.

కాబట్టి చేప, మందు రెండూ ఒకే గిన్నెలో పడే వంట ఒకటుందని తెలిసినప్పుడు నాకు నోరూరలేదు.

తెలిసింది మా పక్క ఫ్లాట్ పెద్దావిడ వల్ల. డెబ్బై దాటాయి, ఒక్కతే ఉంటుంది. ఒకరోజు ఇడ్లీలు ఇద్దామని పిలిస్తే మా వంటింట్లోకి వచ్చి, స్టవ్ మీదున్న ఇడ్లీ పాత్ర మూత తీసి చూసి తెగ సంబరపడింది. "ముషికి!" అంది. వినాయకుడి వాహనం కాదు, ముషికి అంటే ఆవిరి పాత్ర. నీ దగ్గర ఇంత మంచి ముషికి ఉంటే చేపని ఆవిరి మీద ఎందుకు వండవు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. ఇడ్లీ, కుడుములు, ఉండ్రాళ్లు అన్నీ ఆవిరి మీదే చేస్తాం. చేప దగ్గరికొచ్చేసరికి పులుసో, వేపుడో, ఇగురో.

ఆవిడ చెప్పిన వంట పేరు సకాముషి. సాకేతో ఆవిరి పట్టడం అని అర్థం. ఇక్కడ ఇళ్లల్లో మామూలు వంట. ఆసరి అనే చిన్న గుల్లల్ని ఇలా చేస్తే ఐదారు నిమిషాల్లో నోళ్లు తెరుస్తాయి. చేపల్లో అయితే తాయ్, సాల్మన్, చలికాలంలో తార. తార అంటే కాడ్ చేప. జపనీస్ లిపిలో ఆ పేరు రాయాలంటే చేప గుర్తు పక్కన మంచు గుర్తు వేస్తారు. మంచు పడే రోజుల్లో రుచిగా ఉండే చేప, తెల్లటి కండ, ముట్టుకుంటే రేకులు రేకులుగా విడిపోతుంది.

సాకే వద్దు, నేను మందు ముట్టను అన్నాను. ఆవిడ నన్ను షాపుకి తీసుకెళ్లి ఆ రెండో అర చూపించింది. ఫోన్ కెమెరాతో లేబుల్ మీది అక్షరాలు అనువాదం చేసి చూశాను. బియ్యం, కోజి, ఉప్పు. కోజి అంటే అన్నం మీద పెంచే ఒక రకం బూజు. అది బియ్యంలోని పిండిని చక్కెరగా మారిస్తే, ఈస్ట్ ఆ చక్కెరని ఆల్కహాల్‌గా మారుస్తుంది. సాకేని రైస్ వైన్ అంటారు గానీ పద్ధతి చూస్తే బీరుకే దగ్గర. కోజితో సాకే తయారుచేసే ఈ సంప్రదాయ విద్యని 2024 డిసెంబర్‌లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అదంతా బాగానే ఉంది. నన్ను ఆపింది మాత్రం ఆ ఉప్పు అన్న ఒక్క మాట. ఎవరూ తాగలేని మందు. కావాలని అలా చేసిన మందు. దానిముందు చాలాసేపు నిలబడి, ఒకటి కొన్నాను.

ఇప్పుడు వంట సంగతి. ఇద్దరికి రెండు కాడ్ ముక్కలు చాలు, ఒక్కోటి రెండు సెంటీమీటర్ల మందం. కొంచెం ఉప్పు చల్లి పదిహేను నిమిషాలు వదిలేయాలి. పైన నీటి బొట్లు చెమటలా పడతాయి. నీచు వాసన చాలావరకు ఆ నీళ్లల్లోనే ఉంటుంది కాబట్టి టిష్యూతో గట్టిగా అద్ది తీసేయాలి. చాలామంది వదిలేసేది ఈ పనినే, నా లెక్కలో సాకే కంటే ఇదే ముఖ్యం. తర్వాత అంచున్న ప్లేటులో కొంబు ముక్క ఒకటి పరచాలి. కొంబు అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు. దాని మీద పలచటి అల్లం చక్రాలు, నెగి ఆకుపచ్చ కాడలు. నెగి మన ఉల్లికాడకి లావుపాటి అన్న లాంటిది. వాటి మీద చేప, పక్కన నాలుగు షిమెజి పుట్టగొడుగులు. పైనుంచి రెండు టేబుల్ స్పూన్ల సాకే. వంట సాకేలో ఎలాగూ ఉప్పుంది కాబట్టి ఇంక ఉప్పు వద్దు.

నీళ్లు తెర్లాకే ప్లేటు లోపల పెట్టాలి. ఇడ్లీకి చేసినట్టే. చల్లటి నీళ్ల మీద పెట్టి వేడి చేస్తే చేప నీరు వదిలేసి పీచులా అవుతుంది. మూతకి పలచటి గుడ్డ కట్టుకుంటే పైనుంచి నీటి చుక్కలు ముక్కల మీద పడవు. ఎనిమిది నుంచి పది నిమిషాలు. కండ తెల్లగా మారి, చాప్‌స్టిక్‌తో నొక్కితే రేకు విడిపోతే అయిపోయినట్టే. పైన సన్నగా చీల్చిన నెగి, రెండు చుక్కల పొంజు. పొంజు అంటే నిమ్మజాతి పుల్లటి రసం కలిపిన సోయా సాస్. అంతే. ఆవిరి పాత్ర లేకపోతే మూతున్న పెనం చాలు, కానీ సాకే పోసేటప్పుడు మంట ఆర్పి పోయండి. అది మండుతుంది.

ఆ ప్లేటు అడుగున మిగిలే రసం అన్నంలో కలుపుకుని తిన్న రోజు నాకు అర్థమైంది, ఈ పెద్దావిడ ఎందుకంత సంబరపడిందో. చేప రుచి ఎలా ఉంటుందో అసలు మొదటిసారి తెలిసింది. మన పులుసుని తక్కువ చెయ్యడం లేదు. పులుసులో రుచి పులుసుదే, చేప దాంట్లో ఒక గౌరవ అతిథి.

సైన్సు కూడా ఇక్కడ కలుస్తుంది. సముద్రపు చేప చచ్చాక నీచు వాసన ఎక్కువగా ట్రైమిథైలమీన్ అనే దానివల్ల వస్తుంది. అది క్షార గుణం ఉన్నది, పులుపు తగిలితే అణుగుతుంది. మనం చింతపండు పోస్తాం, నిమ్మకాయ పిండుతాం. వీళ్ల సాకేలో కూడా కొద్దిపాటి ఆమ్లాలుంటాయి. ఆల్కహాల్ ఆవిరై పోతూ నీచు వాసనని కొంత వెంట తీసుకుపోతుందని ఇక్కడి వంటవాళ్లు చెబుతారు.

ఆల్కహాల్ మొత్తం ఎగిరిపోతుందని మాత్రం నమ్మకండి. ఎక్కడ చూసినా ఆ మాటే చెబుతారు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం వంటలో కలిపి పదిహేను నిమిషాలు ఉడికిస్తే ఇంకా 40 శాతం దాకా మిగులుతుంది, రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం ఉంటుంది. మూతపెట్టి ఆవిరి పట్టేదానికి లెక్క కాస్త అటూ ఇటూ అవ్వొచ్చు. రెండు స్పూన్ల సాకే అంటే 30 మిల్లీలీటర్లు, దాంట్లో ఆల్కహాల్ నాలుగు మిల్లీలీటర్ల చుట్టూ. మత్తు మాట అటుంచండి, మనిషి గమనించేంత కూడా కాదు. కానీ మతం వల్లో, కడుపుతో ఉండటం వల్లో, మందు మానుకునే ప్రయత్నంలో ఉండటం వల్లో వద్దనేవాళ్లకి ఆ నాలుగు చుక్కలు కూడా లెక్కే. చెప్పి పెట్టాలి.

పోయిన చలికాలం అమ్మ నా దగ్గరికి వచ్చింది. విమానం ఎక్కడం అదే మొదటిసారి. సూట్‌కేసులో సగం కారప్పొడి, చింతపండు. వచ్చిన రెండో రోజే వంటిల్లు సర్దడం మొదలుపెట్టి, స్టవ్ పక్కనున్న సీసా చేతిలోకి తీసుకుంది.

"ఏందిమ్మే ఇది, వెనిగరా?"

"కాదుమా. సాకే. బియ్యంతో చేసే మందు. వంటకని ఉప్పు కలిపి అమ్ముతారు."

సీసా కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. "ఇంట్లో పెట్టుకున్నావా?" అంది.

"పెట్టుకున్నా."

ఇంకేం మాట్లాడలేదు. సీసా ఉన్న చోటే పెట్టేసి, చేతులు కడుక్కుని, వెళ్లి ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. అమ్మ కోపంగా ఉన్నప్పుడు బట్టలు మడతపెట్టదు, భయపడినప్పుడే మడతపెడుతుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. సీసా పారబోద్దామా అని ఒక్కక్షణం అనిపించింది. పారబోయలేదు. అది నా వంటిల్లు, అది నేను ఆలోచించి కొన్న సీసా.

రాత్రి అన్నాలయ్యాక తనే వంటింట్లోకి వెళ్లింది. మూత తిప్పి వాసన చూసింది. అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలుక చివరతో తాకింది. అమ్మ జీవితంలో మందు నాలుకకి తగలడం అదే మొదలు.

"థూ! సముద్రం నీళ్ల మాదిరుండాది."

నోరు పుక్కిలించి, చెంగుతో తుడుచుకుని, సీసా వైపు ఇంకోసారి చూసింది. "మీ నాయన గూడా తాగలేడు దీన్ని" అంది.

నవ్వింది. నాయన పోయాక ఆయన పేరెత్తి అమ్మ నవ్వడం నేను చూడలేదు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అమ్మ చాలాసేపు మాట్లాడింది. ఆదివారాల గురించి, మేం మిద్దె మీదికి వెళ్లిపోయాక కింద ఏం జరిగేదో, వేపుడు అంటే తనకి ఎంత ఇష్టమో. ఆ ఆఖరిది నాకు తెలీదు. మా ఇంట్లో వేపుడు ఆగిపోయింది అమ్మకి ఇష్టం లేకే అనుకుంటూ పెరిగాను.

మర్నాడు రెండు ప్లేట్లు చేశాను. ఒకటి సాకేతో, ఒకటి కొంబు నానిన నీళ్లు, అల్లం, నిమ్మరసంతో. ఏది ఏదో చెప్పి ముందు పెట్టాను. అమ్మ రెండోదే తీసుకుంది. మొదటి దాన్ని ముట్టలేదు, నేను తింటుంటే వద్దనలేదు. చేప బాగుందా అని అడిగితే, "బాగుండాది గానీ జబ్బు చేసినోళ్ల కూడు మాదిరి తెల్లగుండాది" అని, తను తెచ్చిన కారప్పొడి పైన చల్లుకుంది. పక్కింటావిడ చూస్తే ఏమనేదో! ఆ వారం అదే కాడ్ చేపతో అమ్మ పులుసు పెట్టింది. ముక్కలన్నీ విడిపోయి పులుసులో కలిసిపోయాయి. ఇది చేపా వెన్నా అని విసుక్కుంది. వెళ్లేముందు రోజు మాత్రం తనే చేప వేయించింది. ఇద్దరం స్టవ్ దగ్గరే నిలబడి, పెనం మీంచి తీసినవి తీసినట్టే తిన్నాం.

ఇప్పుడు నెల్లూర్లో మా పిన్నికి ఆపరేషనై నూనె తగ్గించమన్నారు. అమ్మ వాళ్లింటికి వెళ్లి ఇడ్లీ పాత్రలో పండుగప్ప ఆవిరి పడుతోంది. ప్లేటు అడుగున అరిటాకు ముక్క, అల్లం, చీరిన పచ్చిమిర్చి, కరివేపాకు, దించాక నిమ్మకాయ. వీడియో కాల్‌లో మూత తీసి చూపించింది, స్క్రీన్ అంతా ఆవిరి.

"నీ సీసా లేకండానే చేశా" అంది. కాసేపాగి, "ఉండాదా ఇంకా అది?" అని అడిగింది.

"అయిపోయిందిమా. ఇంకోటి తెచ్చా."

"ఉప్పుదేనా?"

"ఉప్పుదే."