పొట్టు తీసే చేతులు

పలాసలో కిడ్నీ ఆసుపత్రి చూసి రాయమని సంపాదకుడు పంపారు. 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, దానితోపాటే పరిశోధన కేంద్రం. చూశాను. అయినా నా మనసంతా ఆ సాయంత్రం కాశీబుగ్గ సందులో ఒక అరుగు దగ్గరే ఉండిపోయింది.

అక్కడ ఒకావిడ జీడిపప్పు పొట్టు తీస్తోంది. గుండును రెండు వేళ్ల మధ్య తిప్పుతూ చిన్న కత్తి మొనతో ఎర్రపొర లేపుతోంది. గుండు బద్దయితే ధర పడిపోతుంది. అందుకే ఆ వేళ్లకి అంత ఓపిక. పిక్కలు కొట్టిన రోజుల్లో జీడి రసం కాల్చిన మచ్చలు అరచేతుల్లో ఇంకా నల్లగా ఉన్నాయి.

మధ్యమధ్య ఒక పక్కకి ఒరుగుతోంది. "ఇలగ ఎక్కువసేపు కూకోలేనమ్మా. గర్భసంచి తీయించీసి పదేళ్లయింది. నొప్పి పోతాదన్నారు. ఏటి పోయింది? నడుం పడిపోనాది."

అప్పటికి ఆమెకి ముప్పై నాలుగేళ్లు. ఎర్రబట్ట ఎక్కువవుతోందని వెళ్తే, ఉంచుకుంటే క్యాన్సరవుతుందని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో భయపెట్టారు. "కోత లేదమ్మా, సిల్లులే" అంది. ఆ మాటలో ఆసుపత్రి మీద కోపం లేదు. నాకు మాత్రం వచ్చింది.

కోపం ఆ చిల్లుల ఆపరేషన్ విద్య మీద కాదు. అమెరికాలో హ్యారీ రీచ్ అనే వైద్యుడు 1988లో మొదటిసారి ల్యాపరోస్కోపీతో గర్భసంచి తీశాడు. పొట్టలోకి గ్యాసు పంపి, చిన్న రంధ్రంలోంచి కెమెరా దించి, తెర మీద చూస్తూ చేసే పని అది. రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేచి తిరగొచ్చు. రోజుకూలీ మనిషికి ఇదెంత మేలో చెప్పక్కర్లేదు. అవే రంధ్రాల్లోంచి గడ్డ ఒక్కటీ తీసి సంచిని ఉంచొచ్చు, జారిన సంచిని పైకి కట్టొచ్చు. గుండు పగలకుండా పొర తీయడం ఈ చేతులకి తెలిసిన విద్యే. ఆమె ఒంటి దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఎవరికీ లేకపోయింది.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల్లో సత్తువ ముందుగానే తగ్గుతుంది. మిగిలిన నొప్పికి మందుల షాపులో బిళ్లలు కొనుక్కుంటారు. ఆ నొప్పి బిళ్లలు కిడ్నీలకి చేటు. అదీ ఎక్కడ? కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఈ ఉద్దానంలో!

ఈ నేల ఎప్పుడూ ఏదో ఒకదానికి అంచే. గంజాం జిల్లాలో ఉన్నప్పుడు మద్రాసు రాష్ట్రానికి అంచు, 1936లో ఒడిశా విడిపోయాక విశాఖ జిల్లాకి అంచు, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళానికి అంచు. అంచున ఉన్నవాళ్లు గట్టిగా అరిస్తేగాని వినపడదు. 1940లో మందస జమీందారీ మీద తిరగబడి పోలీసు తూటాకి ఒరిగిన గున్నమ్మ అప్పుడు గర్భిణి. కిడ్నీ జబ్బుల గురించి కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏళ్ల తరబడి అరిచారు. హిరమండలం నుంచి నీళ్లొచ్చాయి, ఆసుపత్రి వచ్చింది. పొత్తికడుపు బాధ మాత్రం అరిచి చెప్పుకునేది కాదు. సిగ్గు. పక్కింటావిడ చెవిలో చెప్పుకుని ఊరుకుంటారు.

అందుకని అడుగుతున్నాను. పలాసలో, టెక్కలిలో వారానికొక రోజు ఈ బాధలు వినడానికే ఒక వైద్యురాలు కూర్చోవాలి. జారిన సంచికి రింగు, కటి కండరాలకి వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్, అదీ చిల్లులతో, ఇక్కడే జరగాలి.

ఇది చదువుతున్న అక్కచెల్లెళ్లకి ఒక్క మాట. సంతకం పెట్టేముందు డాక్టరుగారిని ఇలా అడగండి: "సంచి ఉంచి నయం చేసే దారి ఉందా?" జవాబు నచ్చకపోతే ఇంకో డాక్టరుని అడగండి. కాశీబుగ్గ అరుగు మీది ఆ మనిషికి ఆ ప్రశ్న అడగొచ్చని ఎవరూ చెప్పలేదు.